ఇస్సాకు ఊ కొట్టిన మాట

పెనుకొండ బస్టాండు వెనక సందులో ఇస్సాకుకు మోటార్లు చుట్టే అంగడి ఉంది. యాభై నాలుగేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. కాలిపోయిన మోటరు తెస్తే విప్పి, లోపల నల్లబడ్డ తీగనంతా పెరికేసి, కొత్త రాగితీగ చుట్టి, మళ్లీ తిరిగేట్టు చేసి ఇస్తాడు. అంగడికి బోర్డు లేదు. మోటరు భుజాన వేసుకుని వచ్చేవాళ్లకు దారి తెలుసు.

ఆ పని అతను హిందూపురంలో నేర్చుకున్నాడు. పదో తరగతి తప్పిన ఏడాది వాళ్ల నాయన తీసుకుపోయి దాసప్ప అంగట్లో వదిలాడు. దాసప్ప సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. మీటర్ల మీద ఆయనకు నమ్మకం లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను మోటరు ఒంటి మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే ఉండేవాడు. ఆ తర్వాత లేచి జబ్బేమిటో చెప్పేవాడు.

"బేరింగు పోతే ఒక మాదిరి అరుస్తాది. కండెన్సరు పోతే ఒక మాదిరి మూలుగుతాది. నువ్వు నోరు మూసుకోని వినల్ల, అంతే" అనేవాడు.

ఇస్సాకు విన్నాడు. నాలుగేళ్లకు గురువును మించాడు. సందు మొదట్లో నిలబడి, ఎవరింట్లోనో తిరిగే మోటరు గొంతు విని, "ఆ బేరింగు ఇంగ నెల దినాలు కూడా రాదు" అని చెప్పేవాడు. చెప్పినట్టే అయ్యేది.

ఆ తర్వాత ధర్మవరం పోయాడు. పట్టుచీరలు నేసే మరమగ్గాల షెడ్లలో మోటార్లు చూసుకునే పని. పద్నాలుగేళ్లు చేశాడు. ఒక్కో షెడ్డులో ఇరవై, ముప్పై మగ్గాలు ఒక్కసారిగా టకటకమంటూ ఆడేవి. లోపల ఎవరూ నోటితో మాట్లాడేవాళ్లు కాదు, అంతా చేతి సైగలే. సాయంత్రం బయటికి వచ్చాక కూడా తలలో మగ్గాలు ఆడుతూనే ఉండేవి. అందరికీ అంతే కాబట్టి అది జబ్బని ఎవరూ అనుకోలేదు.

నాగమణి అక్కడే పరిచయం. పక్క వీధిలో మగ్గాలకు పట్టునూలు కండెలు చుట్టేది. చర్చిలో పెళ్లి చేసుకున్నారు. పిల్లలు కలగలేదు. మొదట్లో ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఆ తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు. ఇద్దరికీ మాటలంటే ఇష్టం. రాత్రి అన్నాలయ్యాక నాగమణి ఆ రోజు జరిగినదంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పేది. ఎవరు ఎట్లా నడిచారో, ఎట్లా తిట్టుకున్నారో చేసి చూపించేది. అతను గోడకు ఆనుకుని ఊ కొట్టేవాడు.

పెనుకొండకు మారి అంగడి పెట్టుకున్నాక సొంత ఇల్లు కట్టుకోవాలనిపించింది. నాగమణి పిన్నమ్మ కూతురు కువైట్లో ఉంది. "రెండేండ్లు పోయొస్తాబ్బా. గోడలు లేస్తే చాలు, వచ్చేస్తా" అని నాగమణి వెళ్లింది. ఒక పెద్దింట్లో వంటపని. రెండేళ్లు నాలుగయ్యాయి. మధ్యలో ఒక్కసారి వచ్చి నలభై రోజులు ఉంది. అప్పటికి ఇల్లు పునాదుల్లోనే ఉంది. ఆమె తిరిగి వెళ్లాక గోడలు లేచాయి, స్లాబు పడింది, సున్నం కొట్టారు. ఆ ఇంట్లో ఇస్సాకు ఒక్కడే చేరాడు.

చెవులు ఎప్పుడు మందగించడం మొదలుపెట్టాయో అతనికి సరిగా తెలియదు. మొదట సన్నటి చప్పుళ్లు పోయాయి. కుక్కరు విజిలు వినపడక రెండుసార్లు పప్పు మాడింది. ఫోన్లో మాట సరిగా రావడం లేదని కొత్త ఫోను కొన్నాడు. అదీ అంతే. ఆదివారం చర్చిలో తబలా వాయించేవాడు. పాట ఒకచోట, తబలా ఇంకొకచోట పోవడం మొదలైంది. పాస్టరుగారు మెల్లగా, "కొన్ని దినాలు చిన్నోళ్లు వాయిస్తారులే ఇస్సాకూ" అన్నారు. తనమీద ఎవరో ఏదో చెప్పి ఉంటారనుకుని ఇస్సాకు బాధపడ్డాడు. ఆ రోజు నుంచి వెనక వరసలో కూచుని, అందరూ లేచినప్పుడు లేచి, అందరూ కూచున్నప్పుడు కూచోవడం అలవాటు చేసుకున్నాడు.

మోటార్లు చెవితో చూసే మనిషి, తనకు చెవుడని ఎవరికి చెప్పుకుంటాడు? ఎదుటి మనిషి పెదవులు చూసి సగం పట్టుకునేవాడు. మిగతా సగానికి ఊ అనేవాడు. ఎవరేమన్నా ఊ. ఎక్కువమందితో అది సరిపోయేది. ఊ అన్నాక ఎవరూ మళ్లీ అడగరు.

హిందూపురం కల్యాణమండపంలో అది సరిపోలేదు. మర్నాడు పెళ్లి, పైట్యాంకుకు నీళ్లెక్కించే మోటరు తిరగడం లేదు. మండపం మేనేజరు కదిరప్ప పాత పరిచయంతో అతన్ని పిలిపించాడు. ఇస్సాకు స్విచ్చి వేశాడు. ఏమీ వినపడలేదు. మోటరు దాకా కరెంటే రావడం లేదనుకుని, స్విచ్చి అట్లాగే ఉంచి, బోర్డు దగ్గర నుంచి వైరును వెతుక్కుంటూ పోయాడు. నిజానికి మోటరు ఇరుక్కుపోయి, తిరగలేక, అంతసేపూ మూలుగుతూనే ఉంది. కాలిన వాసన ముక్కుకు తగిలి వెనక్కి వచ్చేసరికి లోపలి తీగచుట్ట, వైండింగంతా మాడిపోయింది.

"నీ ముందరే గుయ్యిమని ఏడుస్తాంటే కాల్చేస్తివి గదప్పా! చెవుల్లో ఏం పెట్టుకోనుండావు?" అని కదిరప్ప పదిమంది ముందు అరిచాడు. ఈసారి ఆ మాటలు బాగానే వినపడ్డాయి. ఇస్సాకు ఆ మోటరును ఇంటికి తెచ్చి, తన సొంత తీగతో చుట్టి, తెల్లారేలోపల బిగించి వచ్చాడు. కూలీ తీసుకోలేదు. మళ్లీ హిందూపురం పోలేదు.

నాగమణితో కూడా అట్లాగే జరిగింది. ఆమె దగ్గర మొదట్లో పాతఫోనే ఉండేది, ముఖం కనపడేది కాదు. వారానికోసారి ఆమె మాట్లాడేది, ఇతను ఊ కొట్టేవాడు. గొంతు ఆమెదేనని తెలిసేది. ఆ గొంతులో మాటలు మాత్రం నీళ్లలో మునిగినట్టు ఉండేవి. మధ్యమధ్యలో "సరే", "అట్లే కానీ" అని కలిపేవాడు. అడిగి చెప్పించుకుంటే ఖర్చయ్యేదేమీ లేదు. కానీ ఒకసారి అడిగితే రెండోసారి కూడా అడగాల్సి వస్తుంది, అప్పుడు సంగతి బయటపడుతుంది. అక్కడ ఒంటరిగా ఉన్న మనిషికి ఈ బెంగ కూడా ఎందుకని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

నాగమణి తమ్ముడు తిరుపాల్‌ది నల్లచెరువు. పోయిన సంక్రాంతి దాటినాక పంపుసెట్టు మోటరు చుట్టించుకోవడానికి పెనుకొండ వచ్చాడు. అంగట్లో ఎదురుగా కూచుని టీ తాగుతూ, "ఏం బావా, అక్క ఇంకా రెండేండ్లకు సంతకం పెట్టేసిందంట గదా. నువ్వే ఉండమంటివంట" అన్నాడు.

ఇస్సాకు చేతిలో తీగ ఆగిపోయింది. "ఎవురు చెప్పిరి?"

"అక్కే చెప్పె. ఇంగ చాలు, వచ్చేద్దామనుకుంటి, మీ బావను అడిగితి, 'వచ్చేసేదా, నన్నింగా ఉండమంటావా' అంటే ఊ అనె, ఇంగేం చేస్తా అని ఏడ్సె. ఇల్లు అయిపాయ గదా బావా, ఇంగెందుకు ఆమె ఆడ?"

ఇస్సాకు మోటరు చుట్టి ఇచ్చాడు. తిరుపాల్ వెళ్లిపోయాక షట్టరు సగానికి దించి, ఆ ఊ తను ఎప్పుడన్నాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఏ వారం అన్నాడో కూడా తెలియలేదు. ఆ తర్వాత నాగమణి ఫోన్లు తగ్గిపోయాయి. చేసినా రెండు నిమిషాలే. వినకుండానే ఊ అన్నానని చెప్పాలంటే చెవుడు బయటపెట్టాలి, ఇతను పెట్టలేకపోయాడు. కొన్నాళ్లకు ఫోను మోగితే చూసి కూడా తీయడం మానేశాడు.

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున గోవిందమ్మ అనే ఆవిడ అంగడికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. "నాలుగు దినాల్నించి ఫోన్ చేస్తాండాను, తీవేమన్నా? బస్సెక్కి రావాల్సొచ్చె" అంది. ఇస్సాకు ఊ అన్నాడు. ఆమె గబగబా మాట్లాడుతోంది. చెన్నేకొత్తపల్లి, హైవే పక్కన, మోటరు, పూలు అన్న మాటలు పట్టుకున్నాడు. చామంతి తోటకు నీళ్లు పెట్టే మోటరు కాబోలనుకుని సంచి సర్దుకున్నాడు.

తీరా పోతే అది తోట కాదు. బెంగళూరు వాళ్లు శని, ఆదివారాల్లో వచ్చి ఉండి పోయే ఫారంహౌసు. నాలుగు గదులు, పచ్చగడ్డి, మధ్యలో స్విమ్మింగ్ పూలు. మిగతా ఐదు రోజులూ గోవిందమ్మ తప్ప అక్కడ మనిషి ఉండడు. ఊడ్చేది, తుడిచేది, పూల్లో ఆకులు తీసేది ఆమే. నీళ్లను లాగి, వడకట్టి, మళ్లీ వదిలే మోటరు నాలుగు రోజులుగా నిలిచిపోయింది. ఎండకు నీళ్లు పచ్చబడి, అంచుల వెంట పాచి పట్టింది.

"శనివారం పిల్లోళ్లు వస్తాండారంట, పుట్టినరోజు పండగ. ఓనరు రాఘవేంద్ర సారు బెంగుళూర్నించి గంటకోసారి ఫోను. నేనేదో చెడగొట్టినట్ల నన్ను తిడతాండాడు" అంది ఆమె.

ఇస్సాకు ఆ నీళ్లను చూసి, ఆమె పూలన్నది దీన్నేనని, తను పొరపడిన సంగతి గ్రహించాడు. బయటికి చెప్పలేదు.

మోటరు పూలు పక్కనే గోడవార చిన్న గదిలో ఉంది. కరెంటు బోర్డు ఇరవై అడుగుల అవతల, వంటగది గోడకు ఉంది. ముందు బోర్డు చూశాడు. లైటు వెలుగుతోంది, ట్రిప్పు స్విచ్చి పైకే ఉంది. మోటరు స్విచ్చి వేసి గదిలోకి నడిచాడు. ఏమీ వినపడలేదు. చేయి పెట్టి చూశాడు. వణుకు లేదు. కానీ ఒళ్లు పెనంలా కాలుతోంది. అంటే కరెంటు వచ్చింది. వచ్చి ఎంతసేపు ఉంది, ఎప్పుడు ఆగింది? మూలిగి ఆగిందా, మూలగకుండానే ఆగిందా? మామూలు చెవులున్నవాడికి ఇది క్షణంలో తేలే సంగతి. ఇస్సాకుకు కల్యాణమండపం గుర్తుకొచ్చింది. పరుగున పోయి స్విచ్చి ఆపేశాడు.

"అమ్మా, నువ్వీడ బోర్డు కాడ ఉండు. నేను చెప్పిందాకా స్విచ్చి ముట్టుకోవద్దు" అని గోవిందమ్మకు చెప్పి, తిరిగి గదిలోకి వచ్చి, మోటరు మీది డబ్బా మూత విప్పాడు. వైర్లు వదులయ్యాయేమోనని ఒక్కొక్కటే వేలితో కదిపి చూడసాగాడు.

బోర్డు దగ్గర గోవిందమ్మ పాచినీళ్ల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. పది నిమిషాలయ్యాక, "అన్నా, స్విచ్చి వేసేదా?" అని అరిచింది. ఆమె తనవైపు చూస్తోందని మాత్రమే ఇస్సాకుకు తెలిసింది. పెదవులు కనపడలేదు. ఏదో అడుగుతోంది. అలవాటు కొద్దీ తలాడించి, గట్టిగా ఊ అన్నాడు.

ఆమె స్విచ్చి వేసింది.

చేయి మీద ఎవరో గునపంతో కొట్టినట్టయింది. ఇస్సాకు వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకుని కింద పడ్డాడు. స్క్రూడ్రైవరు ఎటో పోయింది. అతని కేక విని గోవిందమ్మ స్విచ్చి ఆపి పరుగెత్తుకొచ్చింది. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. అతను కళ్లు తెరిచి, ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఆమె పక్కనే చతికిలబడి ఏడవడం మొదలుపెట్టింది.

"నువ్వే గదన్నా ఊ అంటివి! నేనడిగితే ఊ అంటివి గదా! నీకేమన్నా అయ్యుంటే నేనేం గావల్ల?"

ఆమె కొంగు జారింది. ఇప్పుడు పెదవులు కనపడుతున్నాయి. ఆ మాటలన్నీ ఇస్సాకుకు అర్థమయ్యాయి.

"వినపడలేదు తల్లీ" అన్నాడు. మోచెయ్యి పట్టుకుని, "నాకు చెవులు వినపడవు. మూడేండ్లాయ" అన్నాడు.

ఆ మాట నోటితో పైకి అనడం అదే మొదలు. అనేశాక సిగ్గుతో తల దించుకున్నాడు. గోవిందమ్మ కళ్లు తుడుచుకుని అతని ముఖంలోకి చూసింది. లేచి వెళ్లి చెంబుతో నీళ్లు, పసుపు తెచ్చి మోచెయ్యి కడిగింది. తర్వాత అతని ఎదురుగా వచ్చి కూచుని, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"మల్లా ఈ మోటరు ఎట్ల చూస్తావన్నా?"

"ఇన్నాళ్లూ చేత్తో తడిమి చూస్తాంటి. దీనికి అది చాలడంల్యా. నువ్వు వింటావా? నీకేం వినపడితే అది చెప్పు. నీ మాటల్లోనే చెప్పు."

మోటరు చల్లారేదాకా ఆగారు. ఆమె మజ్జిగ ఇచ్చింది. డబ్బా మూత బిగించాక, ఈసారి ఇస్సాకు బోర్డు దగ్గర నిలబడ్డాడు, గోవిందమ్మ మోటరు గది గడపలో కూచుంది. అతను స్విచ్చి వేశాడు. ఆమె చేయెత్తి, ఆపమన్నట్టు ఊపాక ఆపి, దగ్గరికి వచ్చాడు.

"తుమ్మెద డబ్బాలో దూరినట్ల గుయ్యిమనె. తిరగలా. అట్లే కొంచేపుండి, లోపల టక్కుమనె. మల్లా సప్పుడు లేదు" అంది.

ఇస్సాకు ముఖం మారిపోయింది. ఎన్నాళ్లకో ఒక మోటరు తనతో మాట్లాడినట్టయింది. "ఆ టక్కు ఏందంటే, వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు లోపలుండాది. అది లేకుంటే ఎప్పుడో కాలిపోతాండె. కరెంటు బాగుండాది, వైండింగు బాగుండాది. మోటరు తిరగాలనుకుంటాంది, ఏదో తిరగనీడంల్యా" అన్నాడు.

మెయిను ఆపి, ఈసారి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పనిలోకి దిగాడు. వెనకనున్న ఫ్యాను రెక్కను చేత్తో తిప్పి చూశాడు. బిగుసుకుని ఉంది. ముందువైపు నాలుగు బోల్టులు విప్పి నీళ్లను నెట్టే చక్రాన్ని బయటికి తీశాడు. దాని చుట్టూ పొడుగాటి వెంట్రుకలు తాడులా పేనుకుని ఉన్నాయి. ఆ ముడిలో ఎవరో ఆడపిల్ల జడకు పెట్టుకునే ప్లాస్టిక్కు సీతాకోకచిలుక ఇరుక్కుంది. కత్తితో కోసి, లాగి, కడిగి మళ్లీ బిగించాడు. రెక్క తిప్పితే గిరగిరా తిరిగింది.

మళ్లీ స్విచ్చి. గోవిందమ్మ ముందుకు వంగి విని, వెంటనే చేయి ఊపింది. "ఇంగా గుయ్యిమనే అంటాంది. తిరగడంల్యా."

"అయితే కండెన్సరు. మోటరును మొదట తోసి తిప్పేది అదే. ఇరుక్కోని గింజుకున్నప్పుడు అదీ పోయింటాది" అన్నాడు ఇస్సాకు. మోటరు మీది గుండ్రటి డబ్బాలో నుంచి కండెన్సరు తీశాడు. దాని మూతి పూరీలా ఉబ్బి ఉంది. అందులో మిగిలిన కరెంటును బల్బు తగిలించి దింపేసి, సంచిలోంచి అదే లెక్కది కొత్తది తీసి కలిపాడు. మూతలన్నీ బిగించి, మూడోసారి బోర్డు దగ్గరికి పోయి స్విచ్చి వేశాడు.

గోవిందమ్మ ఎగిరి నిలబడింది. "తిరిగెనన్నా! తిరిగె! నీళ్లు పోతాండాయి!"

అతను వచ్చి గొట్టం మీద చేయి పెట్టాడు. లోపల నీళ్లు పరుగెత్తడం అరచేతికి తెలిసింది. చల్లగా ఉంది. చాలాసేపు చేయి తీయలేదు.

నీళ్లు తేరుకోవడానికి ఒకటిన్నర రోజు పడుతుందని, గంట గంటకూ వడపోత చూడమని చెప్పి సంచి సర్దుకుంటుంటే గోవిందమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ పెండ్లానికి తెలుసా అన్నా?"

"తెలీదు. ఆమె కువైట్లో ఉండాది."

"చెప్పల్యా?"

ఆ సాయంత్రం వరకూ ఎవరికీ చెప్పనిది ఇస్సాకు ఆమెకు చెప్పాడు. నాగమణి అడిగిన మాట, తను కొట్టిన ఊ, తిరుపాల్ వచ్చి చెప్పడం, ఆ తర్వాత తీయకుండా వదిలేసిన ఫోన్లు. గోవిందమ్మ విని కోపంతో లేచింది.

"నువ్వేం మనిషివన్నా! నా చేత కరెంటు పెట్టించుకుంటివి సరే. ఆమె అంత దూరంలో, మొగుడికి నేను వద్దని ఏడుస్తాంటాది గదా! ఫోన్ ఇట్లియ్యి."

ఐదున్నర కావస్తోంది. కువైట్లో మూడు, ఇంటివాళ్లు తిని పడుకునే వేళ. గోవిందమ్మ స్పీకరు పెట్టింది. నాగమణి ఎత్తింది. ఆడగొంతు వినేసరికి అడిగిన మొదటి మాట: "ఎవురు నువ్వు? మా ఆయన ఫోన్ నీ దగ్గర ఎందుకుండాది?"

గోవిందమ్మ నాలిక కరుచుకుంది. తను ఎవరో, మోటరు సంగతేమిటో చెప్పి, "అక్కా, మీ ఆయనకు చెవులు వినపడవు. ఈ దినమే నాకు తెల్సింది. నువ్వు చెప్పేది నేను ఆయనకు చెప్తా, ఆయన నా మూతి చూస్తాడు. నువ్వు మాట్లాడు" అంది.

 తర్వాత నాగమణి ఏదో అంది. గోవిందమ్మ ఇస్సాకు వైపు తిరిగి, "ఎన్ని దినాల్నించి అంటాంది" అని చెప్పింది.

"మూడేండ్లు" అన్నాడు ఇస్సాకు ఫోనుకేసి.

"నేనడిగిన దినం నువ్వు ఊ అంటివే, అది వినకుండా అంటివా అంటాంది."

"వినలేదు నాగమణీ. నువ్వేమడిగినావో తిరుపాలు వచ్చి చెప్పిందాకా నాకు తెలీదు. రావద్దని నేను ఎందుకంటా?"

గోవిందమ్మ ఫోనును చెవికి దగ్గరగా పెట్టుకుంది. "మాటల్లేవన్నా. ఏడుస్తాండాది."

"ఏడవద్దని చెప్పమ్మా."

"నేను చెప్పేదేంది, నువ్వే చెప్పు. ఆమెకు వినపడతాది గదా."

ఇస్సాకు ఫోను చేతిలోకి తీసుకుని, పూలు గట్టు మీద కూచుని, "ఏడవద్దు" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత ఏవేవో చెప్పాడు, పప్పు మాడిన సంగతి, తబలా సంగతి, కల్యాణమండపం సంగతి. అవతలి నుంచి జవాబేమైనా వస్తోందో లేదో అతనికి తెలియదు. గోవిందమ్మ కొంచెం దూరంగా పోయి ఆకులు తీస్తూ, అప్పుడప్పుడు తిరిగి, "వింటాండాది, చెప్పు" అని సైగ చేసింది.

చివరికి గోవిందమ్మ చేత నాగమణి చెప్పించిన మాటలు రెండే. సంతకం పెట్టేసింది కాబట్టి ఇంకా ఇరవై నెలలు రావడానికి లేదు. రేపే పోయి చెవులు చూపించుకో.

రేపు కాదు గాని, మరుసటి వారం పుట్టపర్తి ఆసుపత్రికి పోయాడు. గాజుతలుపు ఉన్న చిన్న గదిలో కూచోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. గాజుకు అవతల మాధవి అనే అమ్మాయి కూచుని అతన్నే చూస్తోంది. ఇస్సాకు మీట పట్టుకుని ఎదురుచూశాడు. చాలాసేపు ఏమీ రాలేదు. యంత్రం పాడైందేమో చూడమందామనుకున్నాడు. అప్పుడు ఎక్కడో దూరంగా ఒక మూలుగు వినపడితే నొక్కాడు. ఆ అమ్మాయి ముఖంలో మార్పు చూసి, తనకు వినపడకుండా పోయినవి అంతకుముందు చాలా వచ్చాయని అర్థం చేసుకున్నాడు.

మాధవి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. మగ్గాల మోతకు చెవి లోపలి నరం దెబ్బతింది. మందులతో తిరిగి రాదు. చెవికి మిషను పెట్టుకుంటే కొంత మేలు.

మిషను పెట్టుకున్నాడు. బస్సులో కూచోలేకపోయాడు. హారన్లు మెదడులో పొడిచాయి. అంగట్లో రెంచీ కింద పడితే ఉలిక్కిపడ్డాడు. మనుషుల మాటలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నా, ఎదురుగా ఉంటే చాలావరకు అర్థమవుతున్నాయి. మోటార్ల గొంతులు మాత్రం వెనకటిలా లేవు. అన్నీ ఒకే మాదిరి గరగరమంటాయి. దాంతో అంగడికి వచ్చేవాళ్లకు ముందే చెప్పేయడం అలవాటు చేసుకున్నాడు: "నాకు చెవులు తక్కువ, స్విచ్చి వేసి ఎట్లుండాదో నువ్వే చెప్పు." కొందరు నవ్వారు. కొందరు మోటరు తీసుకుని వేరే అంగడికి పోయారు. ఎక్కువమంది చెప్పారు. ఒక్కొక్కరు ఒక్కో మాదిరి చెప్తారు. ఒకాయన ఎనుము ఈనేముందు మూలిగినట్టుందన్నాడు. ఇస్సాకు అది బేరింగని పట్టాడు.

ఇంట్లో మిషను పెట్టుకున్న మొదటి రాత్రి మాత్రం కష్టంగా గడిచింది. ఫ్యాను కీచుమంటోంది. ఎక్కడో కొళాయి కారుతోంది. బీరువా తలుపు దానంతట అదే కిర్రుమంది. అతను నడిస్తే అడుగుల చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. ఇన్నాళ్లూ ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉందనుకున్నాడు గాని, అందులో తనొక్కడి చప్పుళ్లే ఉన్నాయని తెలియదు. మిషను తీసి డబ్బాలో పెట్టేసి పడుకున్నాడు. కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకోలేదు.

నాగమణి తనతో పనిచేసే పిల్ల దగ్గర అడిగి అడిగి, ముఖం కనపడే ఫోను వాడడం నేర్చుకుంది. శుక్రవారం సాయంత్రాలు ఆమెకు రెండు గంటల సెలవు. మొదటి వారం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు వెతికి వెతికి చూసుకున్నారు. ఆమె జుట్టు ముందువైపు నెరిసింది. అతని చెవి వెనక మిషను చూపించమంది. చూసి, "చిన్నదే గదా" అంది. ఇప్పుడు ఆమె నిదానంగా, నోరు బాగా తెరిచి మాట్లాడుతుంది. ఒక్కోసారి పాతలాగే ఎవరినో చేసి చూపించబోయి, స్థలం చాలక ఫోను కింద పడేస్తుంది.

పోయిన శుక్రవారం ఆ ఇంటి ముసలావిడ గురించి ఏదో చెబుతుండగా నెట్టు ఆగిపోయింది. ఆమె బొమ్మ చేయి సగం ఎత్తి, నోరు తెరిచి అట్లాగే నిలిచింది. ఇస్సాకు ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టాడు. సంగటి ముద్ద చల్లారిపోతోంది. తింటూ ఆ బొమ్మను చూస్తూ కూచున్నాడు. నాలుగైదు నిమిషాలయ్యాక బొమ్మ కదిలింది. ముసలావిడ సంగతి ఆమె మరిచిపోయినట్టుంది.

"ఏం కూర?" అంది.

"కూర చేయల్యా. ఊరిబిండి నూరుకుంటి" అన్నాడు.

"ఒక్కడివే అని వండుకోకుండా పోతాండావు. రేపు పప్పు చేసుకో" అని, వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగి చూసి, "వస్తాబ్బా" అంటూ పెట్టేసింది. ఇస్సాకు మిగిలిన ముద్ద తిని, కంచం కడిగి, తలుపు గడియ వేసుకున్నాడు.